టిఫిను వేళ రెండు మైకులు

మైకు ముందు కూర్చోబోయే ఆడపిల్లలు నా దగ్గరికొచ్చి మొదట అడిగేది గొంతు సంగతి. మిరియాల పాలు తాగాలా, చన్నీళ్లు మానాలా అని. గొంతుదేముంది, సంతలో చింతపండు అమ్ముకునేవాడికీ ఉంటుంది. అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది. పక్క వీధిలో ఇంకొకడు సరిగ్గా అదే వేళకి మైకు పట్టుకుంటే ఏం చెయ్యాలి? నా ఉద్యోగం చాలావరకు ఆ ఒక్క ప్రశ్నకి జవాబు వెతకడంతోనే గడిచింది. జవాబు దొరికిందనే నా నమ్మకం. కాదనేవాళ్లు ఖరగ్‌పూర్ వచ్చి నాతో వాదించవచ్చు, తీరికగానే ఉన్నాను.

ఇప్పుడు కలకత్తాలో టెలివిజన్ వచ్చింది. సాయంత్రం పూట కాసేపు బొమ్మలు కదులుతాయట. రేపో మాపో పొద్దున్న టిఫిను వేళకి కూడా మొదలుపెడతారు. ఒకడు మొదలుపెడితే రెండోవాడు ఊరుకోడు. మీకు అప్పుడు రాబోయే తగువు మాకు ముందే వచ్చింది, బొమ్మలు లేకుండా. అందుకని రాస్తున్నాను. ప్రమోషన్ల గొడవ ఇందులో ఉండదు. నాకు చెప్పుకోదగ్గవి రాలేదు.

ముద్ద నోట్లో ఉన్నవాడు

యాభైల చివర్లో మా రైల్వే కాలనీ వెల్ఫేర్ సెంటర్‌లో పొద్దుటి కార్యక్రమం ఒకటి మొదలుపెట్టారు. కాలనీ వీధుల్లో స్తంభాలకి గొట్టం మైకులు కట్టారు. వర్క్‌షాపు మొదటి సైరను మోగిన దగ్గర్నుంచి రెండో సైరను మోగేదాకా అవి మాట్లాడేవి. ఏ రైలు ఆలస్యం, నీళ్లు ఏ లైనుకి రావు, పిల్లలకి టీకాలు ఎక్కడ వేస్తారు, మధ్యలో రెండు పాటలు. ముందు బెంగాలీ, తరవాత హిందీ, చివర తెలుగు. ఆ తెలుగు నేను. నాన్న వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి పోయారు. బి.ఏ. చదివిన ఆడపిల్ల కాలనీలో నేను తప్ప లేదు. ఉద్యోగమూ, దానితో పాటు క్వార్టరూ వచ్చాయి. అమ్మా నేనూ ఆ జీతం మీదే బతికేవాళ్లం.

మొదటిరోజు నేను రాసుకొచ్చిన వాక్యం ఇంకా గుర్తుంది. "ప్రవాసాంధ్ర సోదర సోదరీమణులకు శుభోదయ వేళ హృదయపూర్వక నమస్సుమాంజలులు." మా పై అధికారి ముఖర్జీ దాదాకి తెలుగు ఒక్క ముక్క రాదు. అయినా చెయ్యెత్తి ఆపాడు.

"దీదీ, ఈ వాక్యం అయ్యేలోగా నేను రెండు బిస్కట్లు తిన్నాను."

"అది నమస్కారం దాదా."

"ఇంత పొడుగు నమస్కారానికి వాళ్లు తిరిగి దణ్ణం పెట్టాలంటే చెయ్యి కడుక్కోవాలి. నీ మాట వినేవాడు కుర్చీలో కూర్చున్నాడనుకుంటున్నావా? వాడి నోట్లో ముద్ద ఉంది. ఒక కాలు చెప్పులో ఉంది. ఆ ముద్ద మింగేలోగా నీ సంగతి అయిపోవాలి."

ఇంతకంటే మంచి పాఠం నాకు ఏ కాలేజీలోనూ చెప్పలేదు. వాక్యాలు కురచ చేశాను. భాష మాత్రం దించలేదు. అది తప్పని చాలామంది అన్నారు, నేను ఇప్పటికీ ఒప్పుకోను. మా పిల్లలు బళ్లో బెంగాలీ, బజార్లో హిందీ మాట్లాడేవాళ్లు. రోజుకి ఒక్కసారైనా ఎవరో ఒకరు వాళ్ల చెవిలో నిండు తెలుగు పొయ్యాలి కదా. పోశాను.

వెనక కిటికీ

కాలనీ కంచె అవతల ఝపటాపూర్‌లో సింహాచలం అని ఒకడు పెళ్లిళ్లకీ పూజలకీ మైకులు అద్దెకిచ్చేవాడు. శ్రీకాకుళం వైపు మనిషి, పొట్టి, గంటలాంటి గొంతు, దానికి తగ్గ పొగరు. పెళ్లిళ్లు లేని రోజుల్లో గొట్టాలు ఊరికే పడున్నాయని వాటిని టిఫిను హోటళ్ల ముందు కట్టాడు. తాల్‌బగీచాలో తాటిచెట్టుకి ఒకటి ఎక్కించాడు. దుకాణంలోనే కూర్చుని పొద్దున్నే, సరిగ్గా నా వేళకే, మొదలుపెట్టేవాడు. దానికి 'టిఫిను వేళ' అని పేరు.

"ఏటర్రా, లెగిసినారా? పళ్లు తోముకున్నారా నేదా? ఓలమ్మా, పొయ్యి మీద అంబలి పొంగిపోతన్నాది, సూసుకో!"

ఇదీ వాడి నమస్కారం. ఆ తరవాత పళ్లపొడి ప్రకటన. ఒక పాట. ఎవరి బావమరిది మెయిల్లో దిగాడు, ఎవరి మేక తప్పిపోయింది, ఎవరింట్లో ఉయ్యాల వేస్తున్నారు. నేను నీళ్లు రాని లైను గురించి చెబుతుంటే వాడు నీళ్ల దగ్గర జరిగిన జుట్టూ జుట్టూ పట్టుకునే తగువు గురించి చెప్పేవాడు. జనం ఎటు మొగ్గుతారో వేరే చెప్పాలా?

నాకు దెబ్బ తగిలింది ఇంట్లోనే. మా క్వార్టరుకి ముందు కిటికీ వీధిలోకి, వెనక కిటికీ ఝపటాపూర్ వైపుకి. ఓ ఆదివారం మా బెంగాలీ అనౌన్సరే అన్నాడు, మీ అమ్మగారు రోజూ వెనక కిటికీ దగ్గర పీట వేసుకుని నవ్వుకుంటారు అని. అడిగేశాను.

"కన్నకూతురు ముందర మాట్లాడుతుంటే వెనక కిటికీ తెరుస్తావా అమ్మా?"

"నీ మాటలు నాను రోజంతా యింటన్నాను కదే. ఆ పొద్దుటేళ కూడా యినాలా?"

"వాడేం చెబుతాడని?"

"ఏటీ సెప్పడు. మన్నాగ మాటాడతాడు, అంతే."

ఆ మాటకి అన్నం సహించలేదు. మర్నాటి నుంచి యుద్ధమే.

గట్టి ఇడ్లీ

వాడి పేరెత్తకుండా వాణ్ణి తిట్టడం నేర్చుకున్నాను. "ఖాళీ డబ్బాకి మోత ఎక్కువని పెద్దలంటారు. ఈ ఉదయం గాలి అటునుంచి వీస్తోంది కాబట్టి మీకూ వినబడుతుండవచ్చు." మర్నాడు వాడి జవాబు తాటిచెట్టు మీంచి వచ్చేది. "కాలేజీ సదివినోల్ల ఇడ్డెన గట్టిగుంటాదంటర్రా. పన్ను ఇరిగితే మన పళ్లపొడి ఉన్నాది, బయపడకండి!" నాకు 'సదువులమ్మ' అని పేరు పెట్టాడు. నేను వాడిని 'మాష్టారు' అనేదాన్ని. మాష్టారు అన్నప్పుడల్లా వాడికి ఒళ్లు మండేది, వాడు బడికి వెళ్లింది తక్కువ.

జనం పండగ చేసుకున్నారు. హిజ్లీ కాలేజీ హాస్టళ్ల నుంచి తెలుగు కుర్రాళ్లు సైకిళ్లేసుకుని వచ్చి రెండు గొట్టాలూ వినబడే చోట నిలబడి ఇడ్లీ తినేవాళ్లు. రెండో సైరనుకి ఆలస్యమైన ఫిట్టర్లు మా ఇద్దరి పేర్లూ కారణంగా చెప్పేవాళ్లు. ఒక మాట దాచకుండా చెబుతాను, ఆ రోజుల్లో నేను మాట్లాడినంత బాగా అంతకుముందెప్పుడూ మాట్లాడలేదు. తెల్లవారకముందే లేచి, వాడు ఏమంటాడో ఊహించి, దానికి జవాబు సిద్ధం చేసుకుని వెళ్లేదాన్ని.

చిక్కల్లా రెండు గొట్టాలూ కలిసిపోయే వీధుల్లోనే. కొత్త వెల్ఫేర్ ఆఫీసరు వచ్చిన వారం సెంటర్‌లో సభ పెట్టారు. "ఈ సాయంత్రం సభకు ముఖ్య అతిథిగా విచ్చేయుచున్నవారు" అని నేను ఒక్క క్షణం ఆగాను. ఆ క్షణంలో అటునుంచి వాడి కంఠం ఖంగుమంది, "నల్లుల మందు!" ముఖ్య అతిథి ఆ కొత్త ఆఫీసరే. లక్నో వైపు మనిషి, తెలుగు రాదు. కానీ నవ్వుతున్న జనాన్ని పట్టుకుని అర్థం చెప్పించుకున్నాడు.

మర్నాడు ఇద్దర్నీ పిలిచి నిలబెట్టాడు. "దో మే సే ఏక్ రహేగా," అన్నాడు. రెంటిలో ఒకటే ఉంటుంది. ఠాణాలో మైకు పర్మిషన్లు ఆయన మాట మీదే నడిచేవి. నెలాఖరు లోపల రెండు చోట్లా కూర్చుని వింటాడు, ఏది పనికొస్తుందో తేలుస్తాడు. సింహాచలం గెలిస్తే సెంటర్‌కి ఖర్చు ఉండదు కాబట్టి తెలుగు అనౌన్సరు పోస్టూ ఉండదు. పోస్టు లేకపోతే క్వార్టరూ ఉండదు. నేను గెలిస్తే వాడి గొట్టాలు దిగిపోతాయి.

భయం మనిషిని ఎంత తెలివితక్కువ చేస్తుందో అప్పుడు చూశాను. ఇద్దరం ఎదుటివాడి ఆయుధం ఎత్తుకున్నాం. నేను మైకులో "ఏటర్రా, లెగిసినారా" అన్నాను. ఇంటికొస్తే అమ్మ నా నుదురు పట్టుకు చూసింది. "జొరమేటే?" అంది. అటు సింహాచలం "మహాశయులారా, మహిళామణులారా" అని మొదలుపెట్టాడు. తాటిచెట్టు మీంచి ఆ మాట వింటే చొక్కా లేని మనిషి టై కట్టుకున్నట్టుండేది. కడుపుబ్బా నవ్వాను. ఆ నవ్వు ఎంతోకాలం నిలవలేదు.

పోనాడు

ఆఫీసరు మా సెంటర్‌కి వినడానికి వస్తానన్న రోజు పొద్దున్నే బయల్దేరాను. స్టేషను దారిలో లోకో షెడ్డు అప్పన్న ఎదురయ్యాడు. ఝపటాపూర్‌లో సింహాచలం దుకాణం వెనక సందులో కాపురం. చంకలో సంచీ, భుజాన తువ్వాలు, ముఖం మాడిపోయి ఉంది.

"ఎక్కడికి మావా ఇంత పొద్దున్నే?"

"పోతన్నానమ్మా. చేపల పులుసు బాగోనేదన్నానని నాలుగు మాటలన్నాది మా ఇంటిది పైడితల్లి. పోతన్నాను, మా అప్పా బావల ఊరికి పోతన్నాను. మరి రాను."

"పోతాననకూడదు మావా, వెళ్లొస్తాననాలి."

"రానంటంటే ఎల్లొస్తానని ఎలగంటాను? నీ మైకులో సెప్పకు, నీకు పున్నెముంటాది," అని పాసింజరు పట్టుకోవడానికి వెళ్లిపోయాడు.

మా దగ్గర గడప దాటేవాడు పోతానని అనడు. బెంగాలీవాడైతే వెళుతూ వెళుతూ 'ఆష్‌ఛి', వస్తున్నా, అంటాడు. పోయాడు అన్న మాట ఎంత బరువైనదో రెండు జాతులకీ తెలుసు. కోపంలో ఉన్నవాడికి మాత్రం తెలియదు.

ఆఫీసరు పేము కుర్చీలో కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. నేను మొదలుపెట్టాను. బాగానే నడుస్తోంది. పాట వేసే ముందు ఊపిరి తీసుకుంటుంటే కిటికీలోంచి సింహాచలం గొంతు వచ్చింది, నెమ్మదిగా, గంభీరంగా.

"మహాశయులారా, అత్యంత విషాద వార్త. మన లోకో షెడ్డు అప్పన్న గారు నేటి ఉషోదయ వేళ పరమపదించినారు."

నాకు క్షణం పట్టలేదు అర్థం కావడానికి. కొళాయి దగ్గర పైడితల్లి ఏడుస్తూ "మా మావ పోనాడు" అని ఉంటుంది. ఎవరో ఆ మాట దుకాణానికి మోశారు. నాకంటే ముందు చెప్పాలన్న ఆత్రంలో వీడు దాన్ని గ్రాంథికంలోకి మార్చాడు. పోనాడు అన్న మాట రెండు వైపులా తెరుచుకునే తలుపు. పరమపదించాడు అన్నదానికి ఒకటే వైపు.

అప్పన్న బతికే ఉన్నాడని వెంటనే నా మైకులో చెప్పాను. చెబుతుండగానే గుర్తొచ్చింది, మా తీగ కాలనీ కంచె దగ్గరే ఆగిపోతుంది. వినవలసిన మనిషి ఉన్న సందులో మోగేది వాడి గొట్టం ఒక్కటే. పాట రికార్డు మీద ముల్లు పెట్టి, ఆఫీసరుతో "ఏక్ మినిట్ సాబ్" అని, బయటికి పరిగెత్తి రిక్షా ఎక్కాను. మంచితనంతో వెళ్లానని పొగడకండి. చావు వార్త తప్పు చెప్పిన మైకుని ఆ ఊళ్లో మళ్లీ ఎవడూ నమ్మడు, వాడి మైకునీ, నా మైకునీ. నాకు తెలిసిన వ్యాపార సూత్రం అది.

సందు దగ్గరికి వెళ్లేసరికే గుంపు చేరింది. షెడ్డువాళ్లు డ్యూటీ మానుకుని తలగుడ్డలు తీసి నిలబడ్డారు. లోపలినుంచి పైడితల్లి శోకం. రైల్లో ఏదో అయిపోయిందనుకుంది, మైకువాడికి ముందు తెలుస్తుంది కదా అనుకుంది. ఒక చేతి గాజులు అప్పటికే గోడకేసి కొట్టుకుంది. నన్ను గుంపులోంచి ముందుకి పోనివ్వలేదు. దుకాణంలోకి దూరాను.

"నా మైకు ముట్టుకోకు!" అన్నాడు సింహాచలం.

"ముట్టుకుంటాను. అప్పన్న బతికే ఉన్నాడు. ఇందాకే నాతో మాట్లాడి పాసింజరెక్కాడు."

ముఖంలో నెత్తురు లేదు వాడికి. "పోనాడని పైడితల్లే అన్నాదంట కదా!"

"పోనాడంటే ఎల్లిపోనాడయ్యా! నీ భాషే నీకు రాదా?"

"రాదని రోజూ దెప్పింది నువ్వే కదా! నాకు మంచి బాస రాదని మాష్టారు మాష్టారని ఏడిపించినావు కదా! అందుకే మంచి మాటెట్టినాను!"

అది నిజమే. మైకు లాక్కున్నాను.

"ఓలె పైడితల్లీ! నాను సదువులమ్మని. నీ మొగుడు సావనేదే! అప్ప ఊరికి ఎల్లినాడు, అలిగి ఎల్లినాడు. నాను సూసినాను, మాటాడినాను. ఆ రెండో సేతి గాజులు ఉంచుకో!"

శోకం ఆగింది. తరవాత లోపలినుంచి పైడితల్లి గొంతు, మైకు అక్కర్లేనంత గట్టిగా, "బతికే ఉన్నాడా? అయితే రానీ, నానే సంపుతాను!"

తలగుడ్డలు మళ్లీ తలల మీదికి ఎక్కాయి. అప్పన్న నాలుగు రోజులకి పనసపండుతో దిగాడు. అప్పట్నుంచీ షెడ్డులో వాడి పేరు 'పోనోడప్పన్న'.

గెలిచాక

నేను తిరిగి సెంటర్‌కి వచ్చేసరికి రికార్డు ఒకే చోట ఇరుక్కుని అదే అర ముక్క పాడుతోంది. వెళ్లింది మొదలు అంతేనట. ముల్లు ఎలా ఎత్తాలో తెలియక ఆఫీసరు రెండు చెవులూ మూసుకుని కూర్చున్నాడు. నెలాఖరుకి తీర్పు చెప్పాడు. "మీ సెంటర్ నాకు టిఫిను వేళంతా ఒక్కటే ముక్క వినిపించింది. ఆయన బతికున్నవాణ్ణి చంపాడు. రెంటిలో ఏది తక్కువ పాపం?"

సింహాచలం గొట్టాలు దిగిపోయాయి. తాటిచెట్టు మీది దాన్ని వాడే ఎక్కి విప్పుకున్నాడు. నేను గెలిచాను.

ఆ తరవాతి ఏడాది నా ఉద్యోగంలో అన్నిటికన్నా పనికిమాలిన ఏడాది. ఎవరూ పోటీ లేరు. తెల్లవారకముందు లేవడం మానేశాను. నిన్నటి వాక్యాలే మళ్లీ చదివాను. కొళాయి దగ్గర నన్ను మెచ్చుకోవడం సంగతి అలా ఉంచండి, తిట్టడం కూడా మానేశారు. హిజ్లీ కుర్రాళ్లు రాలేదు. అమ్మ వెనక కిటికీ మూసేసింది. ముందు కిటికీ మాత్రం తెరవలేదు. పోటీవాడు పోతే వాడి శ్రోతలు మనకి వస్తారని అనుకుంటాం. రారు. వాళ్లు తినేది తినేసి డ్యూటీకి పోతారు.

ఆఫీసరు దగ్గరికి వెళ్లాను. సింహాచలం మైకు తిరిగి ఇవ్వండి అన్నాను. ఆయన నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు.

"ఆప్ జీత్ గయీ హైఁ. గెలిచారు కదా, మళ్లీ తగువెందుకు?"

"సాబ్, ఒక్క చెయ్యి ఎంత ఊపినా చప్పుడు రాదు."

"గతంలో చప్పుడు ఎక్కువైందనే కదా ఆపించాను?"

వాదించాను. రోజూ వెళ్లి వాదించాను. ఒకేసారి మాట్లాడం, మొదటి సైరనుకి ముందు వాడు, తరవాత నేను. చావు కబురు ఎవరు చెప్పాలన్నా ముందు ఆ ఇంటి గడపకి మనిషిని పంపి కనుక్కోవాలి. చివరికి ఆయన చేతులెత్తి, "ఠీక్ హై, కానీ నల్లుల మందు వద్దు," అన్నాడు. ఆ షరతు సింహాచలానికి చెప్పడానికి నేనే దుకాణానికి వెళ్లాను. వాడు థ్యాంక్స్ చెప్పలేదు. "గెలిసి ఉండనేకపోనావా?" అన్నాడు. "నీ మొహం చూస్తే తప్ప నాకు మాట రావడం లేదు," అన్నాను. అది వాడికి తిట్టులాగే వినిపించింది. మంచిదే.

ఆ తరవాత ట్రాన్సిస్టర్లు ఇంటింటికీ వచ్చి ఇద్దరి గొట్టాలూ దించేదాకా మా తగువు నడిచింది. అదంతా చెప్పను. మీరు గుర్తుపెట్టుకోవాల్సింది వాడు మళ్లీ మైకు పట్టుకున్న ఆ మొదటి పొద్దు.

వాడి వేళ ముందు కాబట్టి ఆ రోజు నేను ఇంకా ఇంట్లోనే ఉన్నాను. చద్దన్నంలో ఉల్లిపాయ కొరుక్కుంటున్నాను. ఉద్యోగంలో చేరాక ఒక పొద్దుటి కార్యక్రమాన్ని తింటూ వినడం అదే మొదలు. తాటిచెట్టు మీద గొట్టం గరగరలాడింది. మహాశయులారా లేదు, మహిళామణులారా లేదు.

"ఏటర్రా, లెగిసినారా? నాను పోనాననుకున్నారా? పోనేదర్రా! ఎల్లొచ్చినాను!"

వీధిలో ఎవరో పెద్దగా నవ్వారు. అమ్మ పీట తీసుకుని నా పక్కనుంచే వెళ్లి వెనక కిటికీ రెండు రెక్కలూ తెరిచింది.

"గట్టి ఇడ్డెన తిన్నోల్లకి ఇంకా పళ్లున్నాయా? సదువులమ్మా, నీ వంతొస్తాది, వేగిరం తినీ!"

అమ్మ నా వంక చూసింది. నేను ముద్ద మింగకుండానే జవాబు వెతుక్కోవడం మొదలుపెట్టాను.